మెట్టు రెక్క

నా చిన్నప్పుడు మా మావయ్యకు రావలసిన ఉద్యోగం ఒకటి నా వల్ల రాకుండా పోయింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన ఇప్పుడు లేడు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకునేవాణ్ణి. నర్సీపట్నం బస్టాండు దగ్గర చిన్న బడ్డీలో రేడియోలు బాగుచేసేవాడు. అంతకుముందు కొన్నాళ్లు విశాఖపట్నంలో ఒక ఇంజనీరుగారి దగ్గర పనిచేశాడు. ఆ పెద్దాయనకు రేడియోతో నడిపే బొమ్మ విమానాలంటే పిచ్చి. ఊరు వదిలి వెళ్లిపోతూ తన ట్రాన్స్‌మిటరునూ ఒక చిన్న ఇంజనునూ మావయ్య చేతిలో పెట్టి వెళ్లారట.

మా మిషన్ బడిలో చేతిపనులు నేర్పే మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. బడి వ్యవహారాలు మా చర్చి పాస్టరుగారు చూసేవారు. ఆయన్ని అందరం అయ్యగారనేవాళ్లం. మావయ్యకు పెద్ద చదువు లేదని ఆయన కొన్నాళ్లు తటపటాయించారు. చివరికి, సొంతంగా చేసిన విమానం పిల్లల ముందు ఎగరేసి చూపిస్తే కమిటీని తాను ఒప్పిస్తానన్నారు. ఆ మాట విన్న రోజు నుంచీ మా అత్త, బడి ఆవరణలో మాస్టారికిచ్చే ఇంటి పెరట్లో ఏ పాదు ఎక్కడ పెట్టాలో చెబుతూ ఉండేది.

రెక్కను వంపుగా చెక్కడానికి మావయ్య దగ్గర సరైన కలపా లేదు, పనిముట్లూ లేవు. క్రిస్మస్‌కు చర్చిలో యేసు పుట్టిన పశువుల పాక కట్టగా మిగిలిన థర్మోకోల్ షీట్లు అడిగి తెచ్చుకున్నాడు. తీగను బ్యాటరీతో వేడెక్కించి వాటిని వెన్న కోసినట్టు కోశాడు. రెక్క వెడల్పంతా ఒక షీటు, దాని మీద ముందు సగానికి మాత్రమే మరో షీటు. పై షీటు ఆగిన చోట రెక్క పొడవునా మెట్టులా ఉండేది. ఆ మెట్టు వెనక గాలి సుడి తిరుగుతుందనీ, చెక్కిన వంపు చేసే పనిని ఆ సుడే చేసిపెడుతుందనీ చెప్పేవాడు.

నాకప్పుడు పదకొండేళ్లు. ఎడమ రెక్క అంటించే పని నాకు అప్పగించాడు. తెల్ల బంక రాసి, షీట్ల మీద ఇటుకలు పేర్చి, ఒక రోజంతా కదపొద్దన్నాడు. సైకిలు పంక్చర్లకు వాడే సొల్యూషను మాత్రం దగ్గరకు రానివ్వొద్దన్నాడు. ఎందుకో చూపించాడు కూడా. ఒక చుక్క వేస్తే, నీళ్లు పడ్డ ఉప్పులా థర్మోకోల్ లోపలికి కరిగి గుంట పడింది. కాబట్టి తెలియక చేశానని నేను చెప్పుకోలేను.

చెప్పినట్టే అంటించి ఇటుకలు పేర్చాను. మర్నాడు మావయ్య బడ్డీలో ఉండగా నా స్నేహితులు ముగ్గురు వచ్చారు. విమానం నేనే చేస్తున్నానని వాళ్ల దగ్గర గొప్పలు పోయి ఉన్నాను.

"రెక్కకి మెట్టేటిరా? కోడిపెట్ట ఎక్కి కూకోడానికేటి?" అన్నాడొకడు. మిగతా ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నాకు రోషం వచ్చింది. ఇటుకలు తీసేసి, రెక్క పైకెత్తి గాలిలో ఊపాను. పచ్చి బంక మీద పై షీటు జారి ఊడొచ్చింది. వాళ్లు వెళ్లిపోయాక భయం మొదలైంది. మళ్లీ తెల్ల బంక రాస్తే మావయ్య వచ్చేసరికి ఆరదు. సైకిలు షాపుకు పరుగెత్తి సొల్యూషను ట్యూబు అడిగి తెచ్చాను. పలచగా రాస్తే ఏమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నిమిషాల్లో అతుక్కుంది. ఆ సాయంత్రం మావయ్య రెక్కంతటికీ కాగితం అంటిస్తూ నా వీపు తట్టాడు.

బలిఘట్టం వెళ్లే దారిలో, కోతలైపోయిన మడిలో విమానం ఎగరేశాం. బడి పిల్లలందరూ గట్ల మీద వరసగా నిలబడ్డారు. విమానం పైకి లేచి, మా నెత్తిన ఒక చుట్టు చక్కగా తిరిగింది. అయ్యగారు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టులో ఎడమ రెక్క కాగితం చిరిగి, పై షీటు లేచి, రెక్క మధ్యకు ముడుచుకుపోయింది. ముక్కు కింద పెట్టి పడింది.

మావయ్య రెక్క ముక్క తీసుకున్నాడు. లోపలంతా గుల్ల. జిగురు తీగలు సాగి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మెట్టు పెట్టిన రెక్క నిలవదని నాకు ముందే అనుమానమయ్యా," అన్నారు అయ్యగారు.

"మెట్టు తప్పు కాదండి అయ్యగారూ. అంటించడంలో నాదే పొరపాటండి," అన్నాడు మావయ్య. అయ్యగారు నమ్మలేదు. నమ్మినా, అంటించడం కూడా రానివాడు పిల్లలకేం నేర్పుతాడు?

ఇంటికి వస్తూ మావయ్య సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ అడిగాడు.

"ఒరే అల్లుడూ, నాకేటైనా సెప్పాలా?"

"ఏటీ లేదు మావయ్యా."

"ఉంటే బేగి సెప్పీ. ఇద్దరం ఎల్లి అయ్యగారితో సెప్దాం. నేనేటీ అన్ను."

"ఏటీ లేదు," అన్నాను.

ఆయన ఇంకా రెండు రోజులు ఆగాడని నాకు తెలుసు. ఆ రెక్క ముక్కను పారేయకుండా బల్ల మీదే ఉంచాడు. నేను రోజూ దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నేను ఒప్పుకోని తప్పును నా పేరు పెట్టి ఇంకొకరికి చెప్పడం ఆయనకు చేతకాలేదు. మూడో రోజు ఆ ఉద్యోగం వేరే ఆయనకు ఇచ్చారని కబురొచ్చింది.

తర్వాత టీవీలొచ్చి రేడియోల పని తగ్గిపోయింది. మావయ్య చెరకు రోజుల్లో పంచదార ఫ్యాక్టరీకి కూలికి వెళ్లాడు. నన్ను మాత్రం ఎప్పటిలాగే అల్లుడూ అని పిలిచేవాడు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం చర్చిలో ఆయన పక్కన కూర్చుని, మోకరించి, దేవుడి దగ్గర ఈ పాపం ఒప్పుకున్నాను. అది సులువే. దేవుడికి నా నోటి మాట అవసరం లేదు. అవసరమైన మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఆయన్ని సమాధి చేసిన రోజున నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మావయ్య ఓర్పు గురించి మాట్లాడి కూర్చున్నాను. అందరూ బాగా చెప్పానన్నారు.

మా అత్త ఇంకా ఉంది. మొన్న వెళ్తే టీ ఇచ్చి, "ఆ మెట్టు రెక్కని నమ్మి మీ మావయ్య పాడైపోనాడురా. నలుగురూ సేసినట్టు సేసుంటే ఆ ఉద్యోగం మనదే," అంది. ఎప్పుడూ అనే మాటే. నేను ఎప్పటిలాగే తలూపి, టీ తాగి వచ్చేశాను. ఇప్పుడిదంతా ఇలా రాయగలుగుతున్నాను. ఎందుకంటే మా అత్తకు చదవడం రాదు.