ఆల్చిప్పలు ఏరే అక్కల కోసం ఆగిన అరుణజ్యోతి

అరుణజ్యోతి గెలిచిన మొదటి పంచాయితీ కన్నతల్లిదే. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మీద బతికే మత్స్యకారుల సంఘంలో రుక్కమ్మ పేరు ఎక్కించేటందుకు ఆ పిల్ల మూడేండ్లు తిరిగింది. వల పట్టినోళ్లకే సభ్యత్వమని పెద్దమనుషులు పట్టుబట్టిన్రు. రుక్కమ్మ వల పట్టలేదన్నది నిజమే. బస్టాండు పక్కన బండ మీద చేపలు కోసి అమ్మి ఇల్లు నడిపింది. ఆఖరికి నిండు సభలో అరుణజ్యోతి లేచి ఒకటే మాట అడిగింది.

"మా అమ్మ అమ్మకుంటే, మీరు పట్టిన చేప ఎవలింటికి వోతుండె పెదబాపు?"

నవ్వని మనిషి లేడు. చేతులు లేచినయి. ఆ పూట రుక్కమ్మ బిడ్డను ఒక్క మాట మెచ్చుకోలేదు. కొర్రమట్ట చేప తలకాయ తీసి బిడ్డ కంచంలో వేసింది. అది ఎప్పుడూ పెనిమిటి లింగస్వామి వాటా.

మా వాడకట్టులో వకాలత్ చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇక్కడి కోర్టులో నల్లకోటు తొడిగిన మా మొదటి ఆడబిడ్డ ఆ పిల్లే. ఇప్పుడు హైదరాబాదులో మత్స్యకారుల హక్కులు చూసే ఒక సంస్థలో వకీలు. ఆదిభట్ల కంపెనీ బస్సులెక్కే పిల్లలు మాకు మస్తుమంది ఉన్నరు, సంతోషమే. కానీ సర్కారు ముసాయిదా మీద మాట్లాడ రమ్మని పిలుపొచ్చింది మాత్రం ఈమెకే.

ఆ ముసాయిదా సముద్రం సంగతి. బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ గాలిలో కలుస్తది. అందులో కొంత సముద్రం తాగుతది. దాంతో నీళ్లకు పులుపు గుణం ఎక్కి, ఆల్చిప్పల పెంకులు పలచనైతయి. దాన్ని ఎట్ల కొలవాలె, నష్టపోయినోళ్లను ఎట్ల ఆదుకోవాలె అని ఒక కమిటీ తీరం వెంట తిరిగి అభిప్రాయాలు తీసుకుంటున్నది.

లింగస్వామికి నవ్వొచ్చింది. తెలంగాణలో సముద్రమే లేదు, దాని చట్టానికి మన పిల్లనే దొరికిందా అన్నడు. రుక్కమ్మకేమో నీళ్లు పులుసుడేందో సమజ్ కాలేదు. అరుణజ్యోతి తల్లిని చేపల బండ కాడికి తీసుకపోయి, నీసు వాసన పోవాలని ఇన్నేండ్లు నిమ్మకాయ పిండిన జాగ చూపెట్టింది. కంట్లో పొర వచ్చి చూపు మసకైన రుక్కమ్మ వేలితో తడిమింది. షాబాద్ బండ అక్కడ గరుకుగా, గుంటలు గుంటలుగా తినుకపోయి ఉన్నది.

"రాయికే గిట్లయింది, చిప్పలెంత బిడ్డా" అన్నది మెల్లగా.

ప్రయాణం నాడు ఎండుచేపలు మూటగట్టింది. సముద్రానికి చేపలు మోయిస్తున్నవా అని లింగస్వామి ఎకసెక్కమాడిండు. ఇవి చెరువు చేపలు, వాళ్లకేడ దొరుకుతయని ఆమె జవాబు. బిడ్డను కోరింది ఒక్కటే. గురువారం కంటి ఆపరేషను, కట్టు కట్టే యాళ్లకు పక్కన ఉండాలె. ఉంటనని అరుణజ్యోతి మాటిచ్చింది.

కాకినాడ దిక్కు పోయి చూస్తే, ముసాయిదాలో సాయం పడవ ఉన్నోళ్లకే అని ఉన్నది. ఆల్చిప్పలు ఏరే ఆడోళ్లకు పడవలేడివి? మోకాలి లోతు బురదలో దిగి చేతులతోనే ఏరుతరు. చేతులతో ఏరేటోళ్లను కూడా రాయాలని అరుణజ్యోతి కమిటీ ముందర నిలబడి అడిగింది. వాళ్లు కాదనలేదు. ఆ ఆడోళ్ల సంతకాలతో శుక్రవారం లోపల అర్జీ ఇస్తే ఆ ముక్క చేరుస్తమన్నరు. లేకుంటే ముసాయిదా ఉన్నదున్నట్టే పోతదన్నరు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసింది. ముందు ఎండుచేపల ముచ్చట చెప్పింది. ఆ అక్కలు ఒక ముక్క కొరికి, మీ చెరువులో ఉప్పు లేదా అని అడిగిన్రట. శుక్రవారం గడువు సంగతంతా రుక్కమ్మే తరచి తరచి అడిగి చెప్పించుకున్నది.

"గురువారం ఉంటనన్న గదనే అమ్మా."

"నా ఒక్క పేరుకు మూడేండ్లు తిరిగినవ్. వాళ్లకు నీయసొంటి బిడ్డ లేకపాయె. నా కన్ను ఏడికి వోదు. అందరి పేర్లు ఎక్కిచ్చి రా."

తెల్లారి లింగస్వామి దవాఖానకు పోయి ఆపరేషను సోమవారానికి మార్పించిండు. ఈసారి ఎకసెక్కాలేమీ ఆడలేదు. వచ్చేటప్పుడు సంఘం కాడ ఆగి, శనివారానికి మంచి కొర్రమట్ట ఒకటి చూసి పెట్టమన్నడు. తలకాయ ఎవరిదో ఇంట్లో అడిగే పని లేదు. బిడ్డ వచ్చేది మార్చి పద్నాలుగు, శనివారం.