తీగపందిరి దగ్గర తప్పు నాది

మా తమ్ముడు పోయాడన్న కబురు నాకు ఇప్పపూలు ఎండబోస్తుండగా వచ్చింది. పక్కింటాయన సెల్ ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "అవ్వా, మణుగూరు నుంచి ఫోను. మీ తమ్ముడు..." అని ఆగిపోయాడు. ఆ ఆగడంలోనే నాకు తెలిసిపోయింది. గుండెనొప్పి అంటే దవాఖానాకు తీసుకుపోయారట, దారిలోనే ప్రాణం పోయిందట. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మ కూలికి పోతే నా చంకన పెరిగినవాడు. పెద్దదాన్ని నేనుండగా వాడెట్లా పోతాడని వచ్చినవాళ్ళనందరినీ అడిగాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే వాడి కూతురు, నా మేనకోడలు, రాస్తోంది. ఇది చదివే మీకు వాడి గురించి ఒక సంగతి సరిగ్గా తెలియాలి. దశదినం నాడు భోజనాల దగ్గర మా కులపెద్ద ఒకాయన అన్నాడు: "మనిషి బంగారం. పనిల్నే జాగ్రత్త లేదు. ఆ తోట పుస్తకం ఖరాబు చెయ్యకుంటే యాడనో ఉండేటోడు." విస్తరి ముందు కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆ పుస్తకం ఖరాబు చేసింది మా తమ్ముడు కాదు. నేను.

మణుగూరులో గని కాలనీల పక్కన వాడికి చిన్న ఫోటో స్టూడియో ఉండేది. గనిలో పనిచేసేవాళ్ళు గుర్తింపు కార్డు ఫోటోలకు వచ్చేవాళ్ళు. మొహానికి అంటిన బొగ్గు పూర్తిగా పోదు కదా, తడిగుడ్డ ఇచ్చి, "తుడుచుకో అన్నా, కండ్ల కింద ఉండనియ్, కాటుక లెక్క మంచిగున్నది" అని నవ్వించేవాడు. నవ్వు ఆగిన తర్వాతే ఫోటో తీసేవాడు. "నవ్వేటప్పుడు అందరు ఒక్క తీరే ఉంటరక్కా, నవ్వి ఆగినంక ఎవలి మొఖం వాళ్ళకొస్తది" అనేవాడు. ఎండాకాలం రీళ్ళు పాడవకుండా టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాకు తడిగుడ్డ చుట్టేవాడు. ఆ డబ్బా చూసి మా మరదలు, "నాకన్న దానికే నీడ ఎక్కువ" అని దెప్పేది.

నా పెనిమిటి పోయాక నేను ములకలపల్లి దిక్కు సర్కారువాళ్ళ మందుమొక్కల తోటలో పనికి కుదిరాను. మా అమ్మ అడవి మందులు తెచ్చి ఇచ్చే మనిషి, కాబట్టి మొక్కలన్నీ నాకు తెలుసు. తోట గార్డు అడిగాడు, "బోర్డులు చదువుతవా?" అని. పని పోతుందని భయపడి, "జరంత వస్తది" అన్నాను. అబద్ధం. ప్రతి రేకు బోర్డు వెనకా మేకుతో నా గీతలు గీసుకున్నాను. ఒక గీత ఒక మొక్క, రెండు గీతలు ఇంకో మొక్క, కొడవలి గుర్తు మరోటి. అట్లా మూడేళ్ళు నడిచింది.

ఆ ఎండాకాలం తోట మీద పుస్తకం వేస్తారని, ఫోటోలు మా తమ్ముడు తీస్తాడని తెలిసింది. పెద్ద పని. అది బాగుంటే జిల్లాలో ఇంకా పనులు ఇస్తామన్నారట. వాడు వచ్చే ముందురోజు బోర్డులన్నీ పీకించి కొత్తగా రాయించారు. రాసిన పెయింటరు మంచివాడు. తుప్పు పట్టకూడదని వెనకవైపు కూడా రంగు వేశాడు. నా గీతలు పోయాయి.

"మల్ల పాతుపో" అన్నాడు గార్డు. ఆయనకు బోర్డు తెలుసు, మొక్క తెలియదు. నాకు మొక్క తెలుసు, బోర్డు తెలియదు. ఇద్దరిలో ఒకరు నోరు విప్పినా సరిపోయేది. అక్షరాల వంకలు గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే పాతుకుంటూ పోయాను. తీగపందిరి దగ్గర రెండు మిగిలాయి. ఒకటి పొడపత్రి, ఇంకోటి సుగంధిపాల. ఏది ఏదో నాకు తోచలేదు. చీకటి పడుతోంది. చేతికొచ్చినట్టు పాతి ఇంటికి పోయాను.

తెల్లారి మొదటి బస్సుకే దిగాడు మా తమ్ముడు. తోట గేటు దగ్గర చెప్పులు విప్పాడు. "ఏందిరా, నేల కాల్తది" అంటే, "అమ్మ విప్పేది గదా" అన్నాడు. మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. మందుమొక్క ముందు నిలబడి దాని పేరు పలకకూడదు. పలికితే గుణం మన్నులోకి దిగిపోతుందని అమ్మ చెప్పేది. అందుకే వాడు నన్ను పేర్లు అడగలేదు. బోర్డు చూసి చిన్న నోటుబుక్కులో మౌనంగా రాసుకున్నాడు. అడిగి ఉంటే చెప్పకపోయేదాన్నా, పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పేదాన్నా, ఇప్పుడు నాకే తెలియదు.

ఆ రోజంతా వాడితో ఉన్నాను. ప్రతి మొక్క వెనకా నా చీర కొంగు తెరలాగా పట్టమన్నాడు. నల్లంచు ఎర్ర చీర. చేతులు గుంజుతుంటే తిట్టేదాన్ని. "ఎంతసేపురా, ఆకుకు పెండ్లి చేస్తున్నవా?" "జర ఆగు అక్కా, గాలి పోనియ్. ఉరికితే ఆకు మొఖం తిప్పుకుంటది." గాలి ఆగేదాకా మోకాళ్ళ మీద అట్లాగే కూర్చునేవాడు. వీపు మీద చొక్కా తడిసి, ఆరి, ఉప్పు గీతలు పడ్డాయి. నేను తలగుడ్డ తడిపి మెడ మీద వేస్తే, చిన్నప్పటిలాగా కళ్ళు మూసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం పందిరి దగ్గరికి వచ్చాం. సుగంధిపాల బోర్డున్న తీగ ఫోటో తీసి, ఆ పేరు మీద ఇష్టం కొద్దీ రెండాకులు తెంపి నమిలాడు. నేను కొంచెం అవతల చాయ్ పోస్తున్నాను. గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏందక్కా, చక్కెర మరిచినవా? సప్పగున్నది."

"గిద్దెడు చక్కెరేసినం, నీ నాలిక సప్పబడ్డది" అని గార్డు నవ్వాడు. నేను మాత్రం చాయ్ గిన్నె కింద పెట్టేశాను. పొడపత్రి నమిలితే నాలుకకు తీపి తెలియదు. వాడు సుగంధిపాల అనుకుని నమిలింది పొడపత్రి. బోర్డులు తారుమారయ్యాయి.

నోరు తెరిచాను. ఎదురుగా గార్డు ఉన్నాడు. చదువు రాదని తెలిస్తే పని పోతుంది. రేపెట్లాగైనా చెబుదాం అనుకున్నాను. సాయంత్రం వాడు బస్సెక్కాడు, కిటికీలోంచి చెయ్యి ఊపాడు, చెప్పలేదు. మరునాడు గార్డు రాకముందే పోయి బోర్డులు మాత్రం మార్చి పాతాను. నా పని కాపాడుకున్నాను. తమ్ముడి నోటుబుక్కులో తప్పు అట్లాగే ఉండిపోయింది.

వానలు పడ్డాక పుస్తకం వచ్చింది. ఎవరో వైద్యుడు చూసి, రెండు తీగల పేర్లు తప్పని చెప్పాడట. అధికారి తోటకే వచ్చి తమ్ముణ్ణి పిలిపించాడు. బోర్డులు చూశాడు, సరిగ్గా ఉన్నాయి. "కండ్లు పెట్టి పని చెయ్యలేవా?" అని అందరి ముందూ అరిచాడు. మా తమ్ముడు పందిరి వంక చూశాడు. నా వంక ఒకసారి చూశాడు. నాకు అక్షరం రాదని వాడికి తెలుసు. "నాదే తప్పు సార్. రీలు నంబర్లు కలగలిపిన" అన్నాడు.

బస్సుకు పోతూ, "ఆ దినం చాయ్ ఎందుకు సప్పగున్నదో గిప్పుడు ఎరుకైంది అక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"నా పేరెందుకు చెప్పలేదురా?"

"నీకు ఇదొక్కటే పని. నాకు పెండ్లిళ్ళున్నయి తియ్."

ఆ పెళ్ళిళ్ళు కూడా తగ్గాయి. సర్కారు పనులు ఇంకెవరికో పోయాయి. "వీనికిస్తే పిల్లగాని బొమ్మ కింద పిల్ల పేరు రాస్తడు" అని బజార్లో ఆటపట్టించేవాళ్ళు. వాడూ వాళ్ళతోపాటే నవ్వేవాడు. పండక్కి వస్తే ఆ మాట మా మధ్య రానిచ్చేవాడు కాదు. నేను ఎత్తితే, "ఆకలైతాంది అక్కా" అనేవాడు. ఆరేళ్ళు అట్లా నా నోటికి అన్నం అడ్డం పెట్టాడు.

దశదినం నాడు ఇదంతా నిలబడి చెప్పాను. అందరూ తలలు వంచుకుని విన్నారు. తర్వాత ఆ పెద్దాయనే నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "అవ్వకు తమ్ముని మీద ప్రేమ, పాయిరం. ఆ పాయిరమే గిట్ల మాట్లాడిస్తాంది. నీళ్ళియ్యుండ్రి." నేను అరిచాను. "పాయిరం కాదయ్యా, నిజం!" అరిచిన కొద్దీ వాళ్ళకు జాలి పెరిగింది. సాక్ష్యం ఎక్కడ తేను? గార్డు బదిలీ అయిపోయాడు. తోటకు కంచె లేదు, పందిరి కూలిపోయింది, పశువులు తిరుగుతున్నాయి. ఖమ్మం పోయి ఆఫీసులో అడిగితే, అట్లాంటి పుస్తకమే తమకు తెలియదన్నారు. మనుషుల్ని తిట్టి గెలవడం నాకు తెలుసు. జాలిపడేవాళ్ళను ఎట్లా గెలవాలో తెలియదు.

రాసే పిల్ల ఇక్కడ కలం ఆపింది. "అత్తా, నిన్ను అందరూ అంటరు గదా" అంది. అననీ. ఇన్నాళ్ళూ వాణ్ణి అన్నారు. రాయి.

మొన్న మరదలు స్టూడియో ఖాళీ చెయ్యాలంటే తోడు పోయాను. కెమెరా అప్పటికే అమ్మేశారు. తెర మీద కొలను, హంసల బొమ్మలు వెలిసిపోయి ఉన్నాయి. దాని ముందు గుండ్రటి స్టూలు. మోకాళ్ళు నొప్పిపెడితే దాని మీద కూర్చున్నాను. "పోదామా వదినె?" అని మరదలు గుమ్మంలోంచి అడిగింది. నా నడుము దానంతటదే నిటారు అయింది, గడ్డం కొంచెం పైకి లేచింది. ఎదురుగా కెమెరా మూడు కాళ్ళ స్టాండు ఏళ్ళ తరబడి నిలబడి గచ్చు అరిగిన మూడు గుంటలు, వాటి వెనక ఖాళీ గోడ. వాడి మొహం ఉండే ఎత్తు చూసుకుని, ఆ గోడకు మొత్తం చెప్పాను, తప్పు నాదేనని, మొదటినుంచి చివరిదాకా. చెప్పడం అయిపోయాక కూడా కదలకుండా అట్లాగే కూర్చున్నాను.