నాయిన గడియారం చైను తోమించినందుకు

ఇయ్యాల నవ్వి నవ్వి కడుపు నొచ్చింది, గందుకే పొద్దుమూకంగనే రాస్తున్న.

నాయిన పోయినంక బొగ్గుబాయి మీద ఆయన నౌకరి, ఆయన చేతిగడియారం రెండూ నాకే వచ్చినయ్. నిన్న డ్యూటీల ఆ గడియారం చైను తెగింది. పొద్దుగాల చౌరస్తా కాడ గడియారాలు బాగుచేసే జహంగీర్ అన్నకిచ్చి, "కొత్తది వద్దన్నా, నాయిన చెయ్యి తగిలిన చైను, దీన్నే అతుకు" అన్న. ఆయన అతికి ఊకోక, చైనంత గ్యాస్‌నూనెల నానబెట్టి బ్రష్షుతోని తోమిండు. ఇన్నేండ్ల బొగ్గు దిగిపోయి అద్దం లెక్క మెరిసింది. సైకిలు ఒక్క చేత్తోని తొక్కుకుంట, గడియారం చెయ్యి లేపి అందరికీ చూపిచ్చుకుంట ఇంటికొచ్చిన.

అవ్వ చూసి మొఖం మాడ్చింది.

"ఏడ మార్చుకొచ్చినవ్ కొడుకా? గిది మీ నాయినది కాదు."

"నాయినదేనే అవ్వా! తోమితే తెల్లగైంది."

"మీ నాయినది నల్ల చైను. నేను చూడలేదా?"

ఒట్టు పెట్టినా నమ్మలే. గడియారం గుంజుకొని పొయ్యి కాడికి పోయి, వంటకు కంపెనీ ఇచ్చిన బొగ్గుల కుప్పల కెల్లి ఇంత పొడి తీసి చైనుకు మంచిగ రుద్దింది. కొంగుతోని తుడిచి ముసిముసిగ నవ్వింది.

"గిప్పుడు మీ నాయినది."

నాయిన పోయినప్పటిసంది గాజులు లేక ఉత్తగున్న తన చేతికే పెట్టుకున్నది. గంటలు చూడరాదు, చైనేమో మోచేతి దాకా జారుతున్నది. అయినా క్వార్టర్ల లైనంత తిరిగి చూపిస్తున్నది. రేపు మొదటి షిఫ్టుకు గడియారం ఎట్ల అడగాల్నో మీరే చెప్పుండ్రి.