పిడి తిప్పింది నేను, జుట్టు లేచింది చెల్లెలికి

కాస్త ఇటు జరిగి నా మోకాలి పక్కన కూర్చోండి, ఎన్నేళ్ళుగానో కడుపులో దాచుకున్న కుళ్ళు ఒకటి మీ చెవిన వేస్తాను.

నిన్న మనవరాలు ఫోనులో వాళ్ళ బడి ఎగ్జిబిషన్ చూపించింది. మెరిసే స్టీలు గుండు మీద చెయ్యి పెట్టి నిలబడితే పిల్ల జుట్టంతా నిక్కబొడుచుకుంది. అందరూ నవ్వారు గానీ నాకు మా చెల్లెలు కళ్ళముందు నిలబడింది.

అమ్మకు జబ్బుచేసి నా చదువు అయిదుతో ఆగితే, చెల్లెలు పదిదాకా పోయింది. రెంటచింతలలో సైకిలు షాపు మామ చేత రెండు చిన్న చక్రాలూ, వాటి మీద రబ్బరు బెల్టూ, పైన మూతికి మూతి కలిపిన సత్తుగిన్నెలూ బిగించి అది వాళ్ళ బడి ఎగ్జిబిషన్ కోసం అలాంటి మిషనే చేయించింది. పిడి తిప్పడానికి మాత్రం రోలూ రోకలీ అలవాటైన నా చెయ్యి కావలసి వచ్చింది.

ఎగ్జిబిషన్ నాడు ఆ మండుటెండలో పెద్దలొస్తున్నారని, మా ఊరి మర్యాద ప్రకారం కిటికీలకు గోనెపట్టాలు తడిపి కట్టి, నేలంతా నీళ్ళు చల్లారు. ఇంట్లో చిటపటలాడిన మిషను అక్కడ ఉలకదు, పలకదు. నా చెయ్యి పడిపోతున్నా చెల్లెలు నా మీదే గుడ్లురిమింది.

"ఏందే అక్కా, తిన్నది యాడికి పోయింది? గట్టిగా తిప్పు!"

ఇంతలో దానికే తట్టింది, ఈ తేమకు బెల్టు చెమ్మగిల్లి, పైన చేరిన కరెంటంతా దాని మీదుగానే కిందికి కారిపోతోందని. పోయి పట్టాలన్నీ పీకేసింది. వడగాడ్పు లోపలికి కొట్టి గది ఎండిపోయాక, అది కరెంటు నేలలోకి దిగకుండా ప్లాస్టిక్ పీటెక్కి గిన్నె మీద చెయ్యి పెట్టింది, నేను తిప్పాను, దాని జుట్టు పాయలు పాయలుగా లేచింది. చప్పట్లే చప్పట్లు.

ఒకే జాతి కరెంటు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వదనీ, పైన ఉన్నది వద్దని నెడుతున్నా బెల్టు ఇంకా ఇంకా మోసుకుపోయి అక్కడే దించుతుందనీ, ఆ ఎదురునెట్టుడు మీద పడ్డ శ్రమే వోల్టేజీగా పోగవుతుందనీ అది పెద్దలకు చెబుతుంటే, శ్రమ ఎవరిదో ఒక్కరూ అడగలేదు. ఒకే కడుపున పుట్టినవాళ్ళ మధ్య కూడా అంత నెట్టుడు ఉంటుందని నా భుజానికి తెలుసు.

జనం పలచబడ్డాక, ఒక్కసారి నేనూ చెయ్యి పెడతానే అన్నాను.

"నువ్వు పీటెక్కితే తిప్పేదెవరే?" అని నవ్వుతూ బెల్టు ఊడదీసింది.

ఇప్పటికీ అది పట్టుచీర కట్టుకుని తల దువ్వుకుంటుంటే నా చూపు ఆ జుట్టు మీదికే పోతుంది.

మనవరాలి మిషనుకు కింద మోటారుందట, పిల్లలందరూ వరసలో నిలబడి వంతులవారీగా చెయ్యి పెట్టారు. మోటారుకు భుజం నొయ్యదు, దానికి చెల్లెలూ లేదు. మంచిదే. కానీ అలా జుట్టు లేవడానికి ఒకప్పుడు ఒక మనిషి చెమటోడ్చిందన్న మాట ఆ పిల్లలకెట్లా తెలుస్తుంది?

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ, మీ ఇంట పిడి తిప్పిన చేతికి కూడా ఒక్కసారైనా పీటెక్కే వంతు రావాలి.