ఇద్దరు రెడ్డెప్పలు, ఒక్క నోరు

నోటివల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి విన్నాను. ఎన్నికలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఒకే నోటితో, ఒకే ఊళ్లో, రెండు చావు ఇళ్లను తలకిందులు చేసినవాణ్ణి మాత్రం నన్ను తప్ప ఇంకొకరిని ఎరగను. చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వండి. రాకపోతే నన్ననకండి, ఇది చావు సంగతి.

అప్పటికి నేను కొత్తగా రిటైరయి ఉన్నాను. ఉద్యోగమంతా పట్టుపురుగుల పెంపకంతోనే గడిచింది. కొన్నాళ్లు కుప్పం, కొన్నాళ్లు పుంగనూరు, చివరికి మదనపల్లె. ఆ పురుగు గురించి ఒక విశేషం చెబుతాను. గూట్లోంచి రెక్కలొచ్చి బయటపడ్డాక దానికి నోరు పనిచేయదు. ఏమీ తినకుండా నాలుగు రోజులుండి పోతుంది. గవర్నమెంటు నౌకరు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆఫీసులోంచి బయటపడ్డాక మోకాళ్లు పనిచేయవు, కళ్లు సరిగ్గా పనిచేయవు, పనిచేసేది నోరొక్కటే.

ఆ నోటికి పని కల్పించడానికి నేను రోజూ పొద్దున కాఫీ తాగి, పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో ‘నేటి విశేషాలు’ అని ఒకటి పంపేవాణ్ణి. ముందు చరిత్ర: ఇదే తేదీన ఏ రాజు గద్దె దిగాడు, ఏ సముద్రంలో ఏ ఓడ మునిగింది. తర్వాత ఒక వింత. చివర నా సొంత చింతన: మార్కెట్ యార్డులో టమోటా ధర, వేదాంతం, మలబద్ధకం. గ్రూపులో అందరూ చదవకుండానే నమస్కారం బొమ్మ పెట్టేవారు. అక్షరం వదలకుండా చదివేవాడు ఒక్కడే, పుంగనూరు రెడ్డెప్ప. ఇంటివాళ్లను పుంగనూరులోనే ఉంచి, కుప్పం ఫారంలో నాతో పనిచేసినవాడు. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని నేను రాసిన రోజు, వాడు మాట రికార్డు చేసి పంపాడు: “మూడుంటే మూడు సార్లు నొప్పొస్తాది గదప్పా. మనకి ఒకటి సాలులే.”

ఆ ఒకటే ఒకరోజు ఆగిపోయింది. పొద్దున్నే నేను విశేషాలు పంపేలోపు గ్రూపులో కబురొచ్చింది, మన రెడ్డెప్ప ఇక లేడు, మధ్యాహ్నం ఎత్తుతారు అని. కాఫీ అలాగే వదిలేశాను. మా ఆవిడ నా మొహం చూసి, వెళ్లి నాలుగు కన్నీళ్లు కార్చి రమ్మంది, ఉపన్యాసాలు మాత్రం పెట్టుకోవద్దని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. నేను విన్నానా? పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, చావుకు వెళుతూ చరిత్రను చంకన పెట్టుకుని బస్సెక్కాను. దారంతా రెడ్డెప్ప గురించి ఏమేం మాట్లాడాలో వరసగా మనసులో పేర్చుకున్నాను. మధ్యమధ్య నిజంగానే ఏడ్చాను. పక్కసీటాయన తన సంచి నావైపు నుంచి తీసి అవతల పెట్టుకున్నాడు.

రెడ్డెప్ప ఇల్లు కొత్తది, నేనెప్పుడూ చూడలేదు. పుంగనూరు బస్టాండు బయట ఆటో ఆపి, రెడ్డెప్ప చావింటికి పోవాలన్నాను.

“ఎక్కు సార్, పొద్దున్నుంచీ ఆడికే తిప్పతాండా” అన్నాడు ఆటో అతను.

మా వైపు రెడ్డెప్పలు ఎందరుంటారో, చేతికందిన రాయి విసిరితే ఎంతమందికి తగులుతుందో నాకు తెలియంది కాదు. అయినా ఒక్క రోజున ఇద్దరు రెడ్డెప్పలు పోతారని ఏ చరిత్రలోనూ చదవలేదు.

వీధికి అడ్డంగా షామియానా. పలకలు, అంటే మా వైపు చావు డప్పులు, మోగుతున్నాయి. అద్దాల పెట్టెలో మనిషి. అద్దమంతా మంచు పట్టి ఉంది, నా కళ్లద్దాలకు కన్నీళ్లు పట్టి ఉన్నాయి. దండల మధ్య నుదుటి మీద కుంకుమ, దవడకు కట్టిన గుడ్డ, ఇంతే కనబడింది. మొహం బాగా పీక్కుపోయింది. షుగరు మనిషిని ఎలా తినేసిందో చూడు అనుకున్నాను. చూసి పదేళ్లు దాటింది కదా. తలదగ్గర భార్య కూర్చుని ఉంది, కంట్లో చుక్క లేదు. కాస్త దూరంగా, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది కూతురు. ఆమె కూడా ఏడవడం లేదు. నిజానికి ఆ షామియానా కింద ఏడుస్తున్నది నేనొక్కణ్ణే. గమనించాల్సింది అప్పుడే. నేను మాత్రం, దుఃఖం ఎక్కువై గడ్డకట్టిపోయారని అర్థం చేసుకున్నాను.

మాట్లాడమని నన్ను ఎవరూ అడగలేదు. మళ్లీ చెబుతున్నాను, ఎవరూ అడగలేదు. నేనే చెయ్యెత్తి పలకలు ఆపించాను.

చరిత్రలో ఈ రోజుతో మొదలుపెట్టాను. మునిగిన ఓడ గురించి చెప్పి, దాన్ని రెడ్డెప్ప దగ్గరికి తెచ్చాను. వీడు జన్మలో చుక్క మందు ముట్టలేదన్నాను. పలకలు కొట్టేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడమనిషిని పల్లెత్తు మాట అనేవాడు కాదన్నాను. వెనకెవరో గట్టిగా దగ్గారు, ఆ దగ్గు వరసలో ఒకరినుంచి ఒకరికి పాకింది. పాపం ఎంత ప్రేమో అనుకుని నేను ఇంకా రెచ్చిపోయాను. కుప్పంలో ఉన్న కాలంలో ఆదివారాలు మా ఇంట్లోనే ఉండేవాడని, మా ఆవిడ చేతి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిని, పేకాట ఆడుకుని అక్కడే పడుకునేవాడని, మేం అన్నదమ్ముల్లాగా బతికామని చెప్పాను.

కుప్పం మాట వినగానే భార్య తలెత్తింది. అంతసేపూ నన్ను పట్టించుకోని మనిషి, నా మొహంలోకి చూసింది.

“కుప్పంలో రాత్రిళ్లు మీ ఇంట్లోనే పండుకుంటాండెనా?”

“అవునమ్మా. ఇంకెక్కడికీ పోయేవాడు కాదు” అన్నాను.

“ఒట్టేసి చెప్పు సార్.”

ఎందుకడుగుతోందో తెలియకుండానే ఒట్టేశాను, పెట్టె మీద చెయ్యి పెట్టి మరీ. ఆమె కూతురివైపు తిరిగి చూసింది. గోడకు ఆనుకున్న ఆ పిల్ల చేతులు జారిపోయాయి. మెల్లగా వచ్చి పెట్టె పక్కన కూలబడి, నాయనా అని ఒక్క కేక పెట్టింది. తల్లి ఆమె తలను ఒళ్లో పెట్టుకుని తనూ ఏడ్చింది. దాంతో ఆడవాళ్లందరూ అందుకున్నారు. పలకలు మళ్లీ మొదలయ్యాయి. నా ఉపన్యాసాల చరిత్రలో అంత ఫలితం ఏనాడూ రాలేదు. లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

సరిగ్గా అప్పుడే ఫొటో స్టూడియో నుంచి పటం వచ్చింది. కుర్చీలో పెట్టి దండ వేశారు. ఖాకీ చొక్కా, గుబురు మీసం, లారీ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిన ఒక ఆజానుబాహువు. మా రెడ్డెప్ప నా భుజం దాకా వస్తాడు. సైకిలు తప్ప ఏమీ నడపలేదు.

పక్కాయన్ని గొంతు తగ్గించి అడిగితే, లారీ రెడ్డెప్ప గురించి నాకు తెలిసిందే కదా అన్నట్టు చెప్పాడు. మదనపల్లె టమోటాలు మద్రాసుకు తోలేవాడు. తాగుడు, ఇంట్లో కొట్టుడు. కుప్పంలో ఒకామెను పెట్టుకున్నాడని ఊరంతా అంటుంది. కూతురు పెళ్లయ్యాక ఈ గడప తొక్కలేదు, ఈరోజే రావడం. చివర ఆయన నా చెయ్యి నొక్కి, కుప్పం మాట అబద్ధమని ఈరోజు తేలిపోయింది సార్, మీరు రావడం మంచిదయిందన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరూ మంచిదే, ఊరూ మంచిదే. ఇల్లే తప్పు.

జేబులో ఫోను మోగింది. గ్రూపులోని ఒకాయన. “యాడుండావప్పా? ఈడ ఎత్తేసినారు.”

ఎలా బయటపడ్డానో, ఎన్ని సందులు తిరిగానో గుర్తులేదు. మా రెడ్డెప్ప ఇంటికి చేరేసరికి వీధిలో చల్లిన బొరుగులు, పూలు మిగిలి ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. రెడ్డెప్ప భార్య సరోజమ్మ గోడకు ఆనుకుని ఉంది. నాకోసం కొంచెంసేపు ఆపారని, ఇక ఎండకు ఆగలేక తీసుకుపోయారని చెప్పింది. ఒక్క మాట మాట్లాడండి సార్, ఆయనకు మీ మాటలంటే ఇష్టం అంది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వాడికోసం పేర్చుకున్న మాటలన్నీ ఎవరి పెట్టె మీదో పోసి వచ్చాను. రెక్కలొచ్చిన పట్టుపురుగులాగా కాసేపు అక్కడ కూర్చుని, బస్సెక్కి ఇంటికొచ్చాను. దాంతో నేటి విశేషాలు ఆగిపోయాయి. ఎందుకు పంపలేదని ఎవరూ అడగలేదు. అడిగేవాడే లేడు.

కర్మ రోజు ఇద్దరిదీ ఒకటే. ముందు లారీ రెడ్డెప్ప ఇంటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి కాళ్లమీద పడాలనుకున్నాను. అన్ని రోజులూ నిద్రలేదు. పెట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టినవాణ్ణి. ఆయన భార్య పేరు సిద్ధమ్మని అప్పటికి తెలిసింది. పెరట్లో పొయ్యి దగ్గర ఒంటరిగా దొరికింది. లోపల కూతురు తన కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పటంలో తాతను చూపిస్తోంది. నేను, అమ్మా ఆరోజు ఒక పొరపాటు జరిగింది అని మొదలుపెట్టానో లేదో, ఆమె అడ్డుకుంది.

“నువ్వు ఆయప్పని జన్మలో సూడలేదని నాకు తెలుసు సార్. నువ్వు నోరు తెరిసినప్పుడే తెలుసు.”

నేను, మరి ఆ ఒట్టు... అని నసిగాను.

“ఆయప్ప కుప్పంలో యాడ పండుకుంటాండెనో నాకు తెల్దా? ఆ ఇల్లు పోయి సూసొచ్చినా. ఆమెతో మాట్లాడే వచ్చినా. నేనడిగింది నాకోసరం గాదు. బిడ్డ ఇనల్లని అడిగినా. నాయన మీద యాదో ఒక మంచి మాట దానికి మిగలల్ల గదా.”

ఆమె పొయ్యిలోకి ఒక కట్టె తోసి, ఇంకో మాట అంది.

“ఆ మాటలన్నీ ఎవుర్నో తలుసుకోని చెప్పినావు. ఆ మనిషికి పెండ్లాముంటాది గదా. పో, ఆమెకి చెప్పు. అవి ఆమెవి.”

ఇంతకన్నా ధర్మమైన సలహా నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. అందుకే మునిగిపోయాను.

సరోజమ్మ ఇంట్లో భోజనాల బంతి వేస్తున్నారు. రెడ్డెప్ప ఫొటో ముందు ఆకు పరిచి, వాడికిష్టమైనవన్నీ పెట్టారు. పాయసం, నెయ్యి వేసిన సంగటి, అలసంద వడలు. నన్ను ఆ పక్కనే కూర్చోబెట్టారు. ఈసారి నా దగ్గర అబద్ధం లేదు, పొరపాటు లేదు. ఇల్లు సరైనదే, మనిషి సరైనవాడే, ఫొటోను రెండుసార్లు చూసి మరీ నిర్ధారించుకున్నాను. గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాను. వాడు మందు ముట్టేవాడు కాదన్నాను. అందరూ అవునవునన్నారు. పల్లెత్తు మాట అనేవాడు కాదన్నాను. సరోజమ్మ కళ్లు ఒత్తుకుంది. కుప్పం దగ్గరికి వచ్చాను. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే ఉండేవాడని, పేకాటలో గెలిస్తే చిన్నపిల్లాడిలాగా చప్పట్లు కొట్టేవాడని, అన్నదమ్ముల్లాగా బతికామని చెప్పాను.

సరోజమ్మ చేతిలో గరిటె ఆగింది.

“ఆదివారం ఆదివారం మీ ఇంట్లోనా సార్?”

“ఒక్కటి కూడా తప్పేవాడు కాదమ్మా” అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

మాకెవరికీ కాదు, ఫొటోకు చెబుతున్నట్టుగా మెల్లగా చెప్పింది.

“పురుగులకి ఆదివారం తెల్దు సరోజా, ఒక పూట ఆకెయ్యకుంటే సచ్చిపోతాయి, నేను రాలేను, అంటాండె. ఇద్దురు పిల్లోళ్లు నాకు. పెద్దోడికి ఉబ్బసం. వాణ్ణి సంకనేసుకోని ఆస్పత్రికి పోతా, పానీలే, పురుగులన్నా బతకనీ అనుకుంటాంటి.”

బంతిలో ఎవరూ తలెత్తలేదు. ఆ ఫారంలో ఆదివారం ఆకు వేయడానికి వేరే మనుషులుండేవారని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నా మొహం చూశాక ఆమెకూ తెలిసిపోయింది.

సరోజమ్మ వంగి, ఫొటో ముందరి ఆకులోంచి అలసంద వడలన్నీ తీసి నా ఆకులో వేసింది.

“మీరు తినండి సార్. ఆయన ఆదివారాల్లో మీ ఇంట్లో బాగా తిన్నాడు.”

తిన్నాను. ఏం చేయను? ఆమె ఎదురుగా నిలబడి, చివరి వడ దాకా చూసింది.

పాఠకులారా, తప్పుడు ఇంట్లో అబద్ధపు ఒట్టు పెట్టి ఒక బిడ్డకు తండ్రిని తెచ్చిచ్చాను. సరైన ఇంట్లో సత్యం చెప్పి, చచ్చినవాణ్ణి మళ్లీ చంపాను. అందుచేత, గొంతులో దిగని వడ సాక్షిగా, అష్టదిక్పాలకుల సాక్షిగా, పుంగనూరు బస్టాండులో నిలబడి కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: ఇక ఈ కట్టె కాలేదాకా, ఏ చావింటా, ఎంత పొరపాటున కూడా, నిజం చెప్పను.