చిన్నప్ప చోటు

కోలాటం నేర్చుకుందామని హైదరాబాద్ నుంచి రెంటచింతల వెళ్లాను. అక్కడ ఎండెక్కితే ఆడలేరు. అందుకే పొద్దున్నే చర్చి ముందు పదిహేను మంది ఆడపిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. పదహారో చోటు ఖాళీ. ఆ ఖాళీకి ఎదురుపడిన పిల్ల కర్రను గాల్లోనే కొట్టి, "చిన్నప్పా!" అని కేకేసి ముందుకు సాగుతోంది.

చిన్నప్ప ఎవరని కోలాటం నేర్పే ఇన్నయ్య మేస్టారిని అడిగాను.

"నా జతగాడమ్మా. ఇరవయ్యేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఎయిడ్స్‌తో పోయాడు. ఆడి పేరెత్తితే జనం పక్కకి జరిగేవోళ్లు. అందుకే ప్రతి చుట్టులోనూ ఆ పేరు పలకాలని పెట్టా," అన్నాడు, గొంతేమీ తగ్గించకుండా.

నాకు మా గురువు గుర్తొచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో నాకు డ్యాన్స్ నేర్పిన మెక్సికన్ అమెరికన్ ఆయన. ఆయన ప్రేమించినవాడు కూడా ఎయిడ్స్‌తోనే పోయాడు. ఆ దుఃఖంతోనే ఆయన నృత్యాలు కూర్చాడు, రోగులకు మందులివ్వమని నడిరోడ్డు మీద నాట్యం చేసి అరెస్టయ్యాడు. నేను డ్యాన్స్ నేర్పే ప్రతి క్లాసులోనూ ఈ కథ చెబుతాను. మేస్టారికీ అంతే గర్వంగా చెప్పాను.

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. "మరి ఆ పోయినాయన పేరేందమ్మా?" అన్నాడు.

నాకు తెలియదు.

మేస్టారు పిల్లల వైపు తిరిగి తాళం అందుకున్నాడు.

మాచర్ల బస్సెక్కగానే మా గురువుకి ఫోన్ చేశాను. ఇన్నేళ్ల శిష్యరికంలో మొదటిసారి ఆ పేరు అడిగాను.