రెండో బటన్ నొక్కినవాళ్ళు

ఆ ఆదివారం పొద్దున్న ఫణిశ్రీ లేస్తూనే, ముఖమైనా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ముప్పై దగ్గర పడుతున్న పిల్ల. ఊరి చివర ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో ఇనప షెడ్లకు డ్రాయింగులు గీసే ఉద్యోగం. వారానికి ఆరు రోజులు కంపెనీ బస్సు ఎక్కడం, దిగడం, మేడ మీది గది తాళం తీసుకుని లోపలికి పోవడం. ఏం వండుకుంటుందో, అసలు వండుకుంటుందో లేదో, కింద వాటాలోకి ఏనాడూ పోపు వాసనైనా వచ్చేది కాదు. తండ్రి రైల్వేలో ఫిట్టరు. ఆమె చదువుకునే రోజుల్లోనే పోయాడు. తల్లి రమణమ్మ పోయి రెండేళ్ళయింది. తోబుట్టువులు లేరు. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగింది కాబట్టి మరో ఊరు వెళ్ళి ఉండాలన్న ఆలోచనే రాలేదు.

ఆమెకున్న ఒకే సరదా కంప్యూటరులో చిన్న చిన్న ఆటలు తయారు చేయడం. ఇంటర్నెట్టులో గేమ్ జామ్ అని ఒక పోటీ ఉంటుంది. మూడు రోజుల్లో ఆట తయారు చేసి అందులో పెట్టాలి. తర్వాత వారం రోజులు ఎక్కడెక్కడివాళ్ళో ఆడి, మార్కులు వేసి, తమకేమనిపించిందో దాని కింద రాస్తారు. ఈసారి ఫణిశ్రీ కూడా ఒకటి పెట్టింది. ఆ వారం గడువు ఆ సాయంత్రం ఆరింటికి తీరిపోతుంది.

ఆటలో పెద్దగా ఏమీ లేదు. ఒక ఇల్లు. బయట వాన. లోపలి గదిలో ఎవరో ఉన్నట్టు కిటికీలో పచ్చని వెలుతురు. ఆడే మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. ఎదురుగా రెండు బటన్లు. మొదటిది ‘వెళ్తున్నాను’. రెండోది ‘వెళ్ళి వస్తాను’. మొదటిది నొక్కితే తలుపు తెరుచుకుని, వాన చప్పుడు హోరెత్తి, తెర నల్లబడుతుంది. అంతే, ఆట అయిపోయింది. రెండోది నొక్కితే లోపలి గదిలోంచి ఒక గొంతు బదులు పలుకుతుంది. ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఖాళీ వీధిలో నడవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు.

ఆడేవాళ్ళు నానా దేశాలవాళ్ళు కాబట్టి బటన్ల మీద ఇంగ్లీషే రాయాల్సి వచ్చింది. రెండోదాన్ని ఆమె మాటకు మాట పెట్టి ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని రాసేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నలభై ఒక్క మంది ఆడారు. ఒకరు ‘వాన చప్పుడు చాలా బాగుంది’ అన్నారు. ఇంకొకరు ‘మనసు బరువెక్కింది, కానీ నిమిషంలో అయిపోయిందేమిటి? పూర్తి చెయ్యలేదా?’ అని అడిగారు. ఒకాయన మాత్రం ఓపిగ్గా రాశాడు: ‘రెండో బటన్ మీద ఇంగ్లీషు తప్పుంది. అలా ఎవరూ అనరు. పాడైపోయిన బటన్ అనుకుని నేను ముట్టుకోలేదు. దిద్దుకోండి.’

ఎంతమంది ఏ బటన్ నొక్కారో చూపించే లెక్క ఆమెకొక్కదానికే కనిపిస్తుంది. రెండో బటన్ ఎదురుగా సున్నా. వారం నుంచీ సున్నాయే. ఆ గొంతు ఒక్కరైనా వినాలనే ఆమె ఆట చేసింది. ఒక్కరూ వినలేదు.

ఆఫీసులో పక్క బల్ల మహేంద్ర ఫోను చేశాడు.

“ఫణీ, ఆ బటన్ ఠీక్ చెయ్యి యార్. గల్తీ ఇంగ్లీషని అందరూ నంబర్లు కట్ చేస్తున్నారు. ఇంకా టైముంది కదా.”

“గల్తీ కాదు అది.”

“నీకూ నాకూ తెలుసు. వాళ్ళకేం తెలుసు?”

ఆమె ఫోను పెట్టేసి, బటన్ మీది అక్షరాలు చెరపడానికి తెరిచి కూర్చుంది. సరిగ్గా అప్పుడే, మేడ మీద మిరపకాయలు ఎండబెట్టడానికి వచ్చిన, కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ తలుపులోంచి తల పెట్టింది. ఆవిడ పేరే చిన్నమ్మ, కాబట్టి వీధిలో ఎవరికీ వరస వెతుక్కునే పని లేదు. శ్రీకాకుళం మాట ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళయినా ఆవిడ నోట చెక్కుచెదరలేదు.

“ఏటే ఫణీ, పొద్దెక్కిపోనాది, సినిమా ఎట్టుకు కూకున్నావా? పళ్ళు తోముకున్నావా?”

“సినిమా కాదు చిన్నమ్మా, ఆట. నేనే చేశాను.”

“నువ్వే? ఒక్కర్తివీ? మరి అందులోన మనుషులేరే?”

ఫణిశ్రీ నవ్వలేదు. కుర్చీ ఇచ్చి, రెండు బటన్లనూ తెలుగులో చదివి వినిపించింది.

“ఇదొక అడగడమేటి! శుభమా అని గడప దాటుతూ ఆ మొదటి మాట ఎవులైనా అంటారా? నా సేతికియ్యి ఇలా.” చిన్నమ్మ మౌసు లాక్కుని రెండోది నొక్కేసింది.

“ఊఁ... జాగర్తగా రా, తల్లీ,” అంది లోపలి గది.

చిన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. “రమణమ్మ గొంతు కదే.”

తల్లికి ఫోనులో టైపు చేయడం రాదు. ఏం చెప్పాలన్నా మాట రికార్డు చేసి పంపేది. అలా మిగిలిన మాట అది. చిన్నప్పటి నుంచీ కూతురు “వెళ్తున్నా” అన్నప్పుడల్లా ఆపి, “వెళ్ళొస్తానను” అని అనిపించి గానీ కదలనిచ్చేది కాదు. చివరి రోజున ఆసుపత్రి వార్డులో చుట్టూ నర్సులు హిందీలో మాట్లాడుతుంటే, బస్సు వేళయిపోతోందన్న తొందరలో ఫణిశ్రీ కూడా హిందీలోనే, “అమ్మా, మై జా రహీ హూఁ,” అని, వట్టి ‘వెళ్తున్నాను’ మాత్రం చెప్పి వచ్చేసింది. ఆ రోజు తల్లి దిద్దలేదు.

ఇదంతా ఆమె చిన్నమ్మతో చెప్పలేదు. చిన్నమ్మ అప్పటికే వానలో నడిచిపోతోంది. “ఈ దుకానం ఎవులిదే? ఇంత వీధికి ఒక గుప్‌చుప్ బండైనా లేదేటే?” అని ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతోంది. కాసేపటికి ఇంటివైపు తిరిగి, కిటికీకేసి చూస్తూ నెమ్మదిగా అంది:

“ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్విలాగ బయట తిరుగుతున్నంతసేపూ లోపల రమణమ్మ ఏటి సేస్తన్నాది?”

“లోపలేం లేదు చిన్నమ్మా. ఆ గది నేను గీయలేదు.”

“నువ్వు గియ్యకపోతే ఆవిడ లేదనా?”

బయట మిరపకాయల మీద కాకులు వాలడంతో చిన్నమ్మ వాటిని తిట్టుకుంటూ లేచిపోయింది.

ఫణిశ్రీ బటన్ దిద్దలేదు. తప్పుందన్నాయన మాట కింద రాసింది: ‘అది తప్పు కాదండీ. మా ఇళ్ళల్లో బయటికి వెళ్ళేటప్పుడు అలాగే చెప్పాలి. ఆ మాట ఇంట్లో మిగిలిపోయేవాళ్ళ కోసం.’

సాయంత్రం ఆరింటికి ఆ పేజీ మూసుకుంది. ఆయన దగ్గర నుంచి జవాబు రాలేదు. లెక్కలో సున్నా అలాగే ఉంది. ఆట తయారుచేసిన కంప్యూటరు మీదే ఆడినవాళ్ళను అది పట్టించుకోదు.

పోటీ ముగిశాక ఆమె మళ్ళీ ఆ ఇల్లు తెరిచి, లోపలి గది గీయడం మొదలుపెట్టింది. ముందు ఇనప మంచం గీసింది. మనిషిని పడుకోబెట్టే దగ్గర ఆగిపోయింది. ముఖం గోడవైపు పెట్టాలో, తలుపువైపు పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఆ రోజు వార్డులోంచి వస్తూ వెనక్కి తిరిగి చూడలేదు.